శాశ్వత హెయిర్ స్ట్రెయిటెనింగ్

శిరోజాలలో సహజంగా ఉండే వంపులను, ఉంగరాలను రసాయనాల సహాయంతో తొలగించి, జుట్టు తిన్నగా నిలిచేటట్లు చేసే ప్రక్రియను శాశ్వత హెయిర్ స్ట్రెయిటెనింగ్ అంటారు. బ్యూటీ పార్లర్లలో ఇది స్ట్రెయిటెనింగ్, రీబాండింగ్, స్మూతెనింగ్, కెరాటిన్ ట్రీట్‌మెంట్ మొదలైన పేర్లతో వ్యవహారంలో ఉన్నది. ఒకప్పుడు మహానగరాలకే పరిమితమైన ఈ ప్రక్రియ క్రమంగా జిల్లా కేంద్రాలకు, చిన్న పట్టణాలకు కూడా చేరింది. దీనిని చేయించుకోవాలా వద్దా అనే ప్రశ్న హైదరాబాదు యువతికి ఎంత సహజమో, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మొగుళ్లపల్లి వంటి మండల కేంద్రంలో ఉండే విద్యార్థినికి కూడా అంతే సహజమైనది.

ఈ ప్రక్రియ పేరులోని "శాశ్వత" అనే పదం కొంత తప్పుదోవ పట్టిస్తుంది. రసాయనం తగిలిన వెంట్రుక మాత్రమే శాశ్వతంగా మారుతుంది. కుదురు మారదు కనుక కొత్తగా మొలిచే వెంట్రుక పూర్వపు ఉంగరాలతోనే వస్తుంది. కావున ఇది ఒక్కసారితో ముగిసే పని కాదు. కొన్ని నెలలకొకసారి మళ్ళీ మళ్ళీ తీసుకోవలసిన నిర్ణయం. ఖర్చును, ఆరోగ్యపరమైన ప్రమాదాలను కూడా ఈ దృష్టితోనే లెక్కించవలసి ఉంటుంది.

వెంట్రుక నిర్మాణం

వెంట్రుక ప్రధానంగా కెరాటిన్ అనే ప్రోటీనుతో ఏర్పడినది. దీనిపైన ఇంటికప్పు పెంకుల వలె ఒకదానిపై ఒకటి అమరిన పలుచని పొర ఉంటుంది. దీనిని క్యూటికిల్ అంటారు. దాని లోపల ఉండే కార్టెక్స్ అనే భాగం వెంట్రుకకు బలాన్ని, రంగును, ఆకారాన్ని ఇస్తుంది. చర్మం పైకి కనిపించే వెంట్రుకలో ప్రాణమున్న కణాలు ఉండవు. అందుచేతనే కత్తిరించినపుడు నొప్పి కలగదు. ఇదే కారణంచేత దెబ్బతిన్న వెంట్రుక తనంతట తాను బాగుపడదు.

కెరాటిన్ గొలుసులను రెండు రకాల బంధాలు ముఖ్యంగా పట్టి ఉంచుతాయి.

* హైడ్రోజన్ బంధాలు: ఇవి బలహీనమైనవి. నీరు తగిలితే విడిపోయి, ఆరితే మళ్ళీ ఏర్పడతాయి. తడి జుట్టును జడ అల్లి ఆరనిస్తే వంకీలు రావడానికి, ఇస్త్రీ యంత్రంతో తిన్నగా చేసిన జుట్టు తల తడవగానే మళ్ళీ ముడుచుకోవడానికి ఇవే కారణం.
* డైసల్ఫైడ్ బంధాలు: సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని గంధకపు పరమాణువుల మధ్య ఏర్పడే బలమైన బంధాలు. ఇవి నీటికి విడిపోవు. శాశ్వత స్ట్రెయిటెనింగ్‌లో ప్రధానంగా వీటినే విడగొడతారు.

జుట్టు తిన్నగా ఉండాలా ఉంగరాలు తిరగాలా అనేది చర్మంలోపల ఉండే కుదురు (రోమకూపం) ఆకారాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఇది వంశపారంపర్యంగా వచ్చే లక్షణం. వేములవాడలోనో తిరుమలలోనో తలనీలాలు సమర్పించిన పెద్దవారికి కొంతకాలానికి మునుపటి తీరు జుట్టే తిరిగి రావడం అందరికీ తెలిసినదే. గుండు చేయించినా మారని కుదురు, పైపైన పూసిన రసాయనంతో కూడా మారదు.

పని చేసే విధానం

రీబాండింగ్‌లో సాధారణంగా ఈ క్రింది దశలు ఉంటాయి.

# జుట్టును కడిగి ఆరబెట్టి, పాయలుగా విడదీస్తారు.
# థయోగ్లైకోలేట్ కలిగిన క్రీమును పూస్తారు. ఇది క్షార స్వభావం గల పదార్థం. క్యూటికిల్‌ను తెరచి లోనికి ప్రవేశించి డైసల్ఫైడ్ బంధాలను విడగొడుతుంది.
# నిర్ణీత సమయం తరువాత నీటితో కడిగి, ఆరబెట్టి, వేడి ఇస్త్రీ యంత్రంతో పాయ పాయను తిన్నగా చేస్తారు. ఈ యంత్రం వేడి 180 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండవచ్చు.
# హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి న్యూట్రలైజరును పూస్తారు. విడిపోయిన బంధాలు ఈ దశలో కొత్త అమరికలో తిరిగి ముడిపడతాయి.
# మళ్ళీ కడిగి, ఆరబెట్టి, ఇస్త్రీ చేస్తారు.

జుట్టు పొడవును, ఒత్తును బట్టి ఇందుకు కొన్ని గంటలు పడుతుంది. తరువాత సుమారు మూడు రోజులపాటు తల తడపరాదని, జడ వేయరాదని, రబ్బరు బ్యాండు, క్లిప్పులు పెట్టరాదని చెబుతారు. రెండవ దశలో క్రీమును ఉంచవలసిన సమయం ఎంతో కీలకమైనది. అది ఎక్కువైతే వెంట్రుక సాగి తెగిపోతుంది, తక్కువైతే ఫలితం ఉండదు.

రకాలు

* రీబాండింగ్: పైన వివరించిన పద్ధతి. 1990లలో జపానులో ప్రాచుర్యం పొంది ఆసియా దేశాలకు విస్తరించింది.
* క్షార రిలాక్సర్లు: వీటిలో సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) లేదా గ్వానిడీన్ హైడ్రాక్సైడ్ ఉంటుంది. చాలా గాఢమైన క్షారాలు కనుక తలపై చర్మం కాలే ప్రమాదం ఎక్కువ. ఆఫ్రికా సంతతివారిలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి. థయోగ్లైకోలేట్ వాడిన జుట్టుపై వీటిని వాడరాదు.
* కెరాటిన్ ట్రీట్‌మెంట్: 2000ల దశకంలో బ్రెజిల్ నుండి వ్యాపించింది. ఇందులో బంధాలను విడగొట్టడానికి బదులు ఫార్మాల్డిహైడ్ లేదా దానిని విడుదల చేసే పదార్థం వేడి తగిలినపుడు కెరాటిన్ గొలుసులను కొత్త స్థితిలో బంధిస్తుంది. ఇది కొన్ని నెలలలో కరిగిపోతుంది. కావున దీనిని శాశ్వత పద్ధతిగా చెప్పడం సరికాదు.
* గ్లైఆక్సిలిక్ ఆమ్లంతో చేసే పద్ధతి: ఫార్మాల్డిహైడ్‌కు ప్రత్యామ్నాయంగా వచ్చింది. దీని దుష్ప్రభావాలు వేరుగా ఉన్నాయి.

పార్లరులో చెప్పే పేరును బట్టి వాడే రసాయనం తెలియదు. ఒకే పేరుతో వేర్వేరు పదార్థాలు, వేర్వేరు పేర్లతో ఒకే పదార్థం వాడుకలో ఉన్నాయి.

చరిత్ర

జుట్టు ఆకారాన్ని మార్చాలనే కోరిక రెండు దిశలలోను సాగింది. జర్మనీకి చెందిన కార్ల్ నెస్లర్ 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో తిన్నని జుట్టుకు ఉంగరాలు తెప్పించే "పర్మనెంట్ వేవ్" పద్ధతిని లండన్‌లో ప్రదర్శించాడు. అదే కాలంలో అమెరికాలో గారెట్ మోర్గాన్ (1877 - 1963) ఉంగరాల జుట్టును తిన్నగా చేసే క్రీమును తయారు చేసి విక్రయించాడు. కుట్టుమిషను సూది రాపిడికి ఉన్ని వస్త్రం మాడిపోకుండా ఒక ద్రవం కోసం ప్రయత్నిస్తుండగా ఇది దొరికిందని చెబుతారు. 1923లో ట్రాఫిక్ సిగ్నల్‌పై పేటెంటు పొందినది కూడా ఇతడే.

1940లలో థయోగ్లైకోలేట్ వాడకంలోకి వచ్చిన తరువాత రెండు పనులకూ ఒకే రసాయనశాస్త్రం ఆధారమయింది. బంధాలు విడిపోయిన జుట్టును గొట్టాలకు చుడితే ఉంగరాలు వస్తాయి, తిన్నగా లాగి ఇస్త్రీ చేస్తే సాఫీగా మారుతుంది. తిన్నని జుట్టు ఉన్నవారు ఉంగరాలను, ఉంగరాలు ఉన్నవారు తిన్నని జుట్టును కోరుకోవడం దీనివలన స్పష్టమవుతుంది.

తెలుగువారి కేశాలంకరణ

తెలుగునాట తిన్నని జుట్టు మాత్రమే అందమనే భావన పూర్వం లేదు. కావ్యభాషలో కనిపించే "అలకలు" అనే పదానికి ముంగురులు, ఉంగరాలు తిరిగిన కురులు అని అర్థం. కూచిపూడిలోని భామాకలాపంలో సత్యభామ పాత్రకు జడ ఒక ప్రత్యేక చిహ్నం. పెళ్ళికూతురికి వేసే పూలజడ, జడగంటలు, పలుచని జుట్టుకు చేర్చి అల్లే సవరం మొదలైనవన్నీ జడ బరువును, నిండుదనాన్ని చూపేవే. ఇటువంటి అలంకరణకు ఉంగరాల జుట్టు అనువైనది. పూలు జారిపోకుండా నిలుస్తాయి, జడ ఒత్తుగా కనిపిస్తుంది.

జుట్టును విరబోసుకునే అలవాటు పెరిగిన తరువాత తిన్నని జుట్టుకు ఆదరణ పెరిగింది. సినిమాలు, షాంపూ ప్రకటనలు ఇందుకు దోహదం చేశాయి. పాఠశాలలో తోటివారి ఎగతాళి, పెళ్ళిచూపులలో వినవచ్చే మాటలు కూడా కొందరిని ఈ నిర్ణయానికి పురికొల్పుతాయి. కోరిక తనదా, ఇతరుల మాటల వలన కలిగినదా అని ఆలోచించుకోవడం అవసరం. రెండవదే అయినచో, ఎగతాళి చేసేవారికి జుట్టు కాకపోతే మరొక కారణం దొరుకుతుంది.

ఎంతకాలం నిలుస్తుంది

తల వెంట్రుకలు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. దీనిని బట్టి ఈ క్రింది లెక్క వేయవచ్చు.

* 3 నెలలకు కుదుళ్ళ వద్ద 3 సెం.మీ. మేర సహజమైన ఉంగరాలు కనిపిస్తాయి.
* 6 నెలలకు 6 సెం.మీ. అవుతుంది. పైన ముడుచుకొని, క్రింద తిన్నగా రెండు తీరుల జుట్టు స్పష్టంగా తెలుస్తుంది. ఈ దశలోనే చాలామంది "టచ్ అప్" చేయించుకుంటారు.
* 60 సెం.మీ. పొడవైన జడకు స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న వ్యక్తి, పొడవు తగ్గించుకోకుండా సహజమైన జుట్టుకు తిరిగి రావడానికి సుమారు 5 సంవత్సరాలు పడుతుంది.

రెండు తీరుల జుట్టు కలిసే చోటు బలహీనంగా ఉంటుంది, దువ్వేటప్పుడు అక్కడే తెగుతుంది. టచ్ అప్ చేసేటప్పుడు కొత్తగా పెరిగిన భాగానికి మాత్రమే క్రీము పూయాలి. పాత భాగానికి రెండవసారి తగిలితే వెంట్రుక పెళుసుగా మారుతుంది.

ప్రయోజనాలు

దట్టమైన ఉంగరాల జుట్టు గలవారికి చిక్కు తీయడమే పెద్ద శ్రమ. ఉదయాన్నే కళాశాలకు, ఉద్యోగానికి వెళ్ళేవారికి స్ట్రెయిటెనింగ్ వలన సమయం కలిసివస్తుంది. ప్రతిరోజు ఇస్త్రీ యంత్రం వాడవలసిన అవసరం తగ్గుతుంది. తమ రూపం నచ్చి ఆత్మవిశ్వాసం పెరిగిందని చెప్పేవారు కూడా ఉన్నారు. అన్ని వివరాలు తెలుసుకొని, ఇష్టంతో చేయించుకొని సంతృప్తి చెందినవారి అనుభవాన్ని కాదనలేము.

దుష్ప్రభావాలు

జుట్టుపై, చర్మంపై: వెంట్రుకలు పొడిబారడం, చివరలు చిట్లడం, మధ్యలో తెగడం సాధారణంగా కనిపిస్తాయి. క్రీము తలపై చర్మానికి తగిలితే మంట, బొబ్బలు, పుండ్లు రావచ్చు. గాఢమైన కాలిన గాయమైతే కుదురు నశించి, ఆ చోట జుట్టు తిరిగి మొలవకపోవచ్చు.

ఫార్మాల్డిహైడ్: జంతుశాస్త్ర ప్రయోగశాలలో నమూనాలను భద్రపరచే ఫార్మలిన్ ఈ వాయువును నీటిలో కరిగించి చేసినదే. కెరాటిన్ ట్రీట్‌మెంటులో వేడి తగిలినపుడు ఇది ఆవిరిగా వెలువడి కళ్ళు మండడం, దగ్గు, ఆయాసం కలిగిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీనిని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. 2010లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర అధికారులు జరిపిన పరీక్షలలో "ఫార్మాల్డిహైడ్ లేదు" అని ముద్రించిన సీసాలో కూడా ఇది గణనీయంగా ఉన్నట్లు తేలింది. రోజూ ఈ ఆవిరిని పీల్చే పార్లరు పనివారికి దీని ప్రమాదం వినియోగదారుల కంటే ఎక్కువ.

గర్భాశయ క్యాన్సర్: అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది మహిళలను సుమారు 11 సంవత్సరాలు పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. దీని ప్రకారం స్ట్రెయిటెనింగ్ రసాయనాలు ఎన్నడూ వాడనివారిలో 70 సంవత్సరాల వయస్సు నాటికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం కాగా, తరచుగా (సంవత్సరంలో నాలుగు సార్లకు మించి) వాడినవారిలో 4.05 శాతం. ఇది రెండు విషయాల మధ్య సంబంధాన్ని సూచించే అధ్యయనం. ఇందులో పాల్గొన్నవారు అమెరికా మహిళలు, అక్కడ వాడే పదార్థాలు వేరు కావచ్చు. అందువలన ఒకటి రెండుసార్లు చేయించుకున్నవారు భయపడవలసిన పని లేదు. కాని పదే పదే వాడడం మంచిది కాదనే హెచ్చరిక మాత్రం ఇందులో ఉన్నది.

మూత్రపిండాలు: ఇజ్రాయెల్‌లో స్ట్రెయిటెనింగ్ తరువాత మూత్రపిండాలు అకస్మాత్తుగా దెబ్బతిన్న 26 మంది రోగుల వివరాలను అక్కడి వైద్యులు 2023లో ప్రచురించారు. 2024లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించిన మరొక వివరం ప్రకారం, గ్లైఆక్సిలిక్ ఆమ్లం గల క్రీము వాడిన ఒక యువతికి 2020, 2021, 2022 సంవత్సరాలలో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న ప్రతిసారి ఇదే సమస్య వచ్చింది. ఈ ఆమ్లం చర్మం ద్వారా శరీరంలోకి చేరి ఆక్సలేట్‌గా మారి, మూత్రపిండాలలో స్ఫటికాలుగా పేరుకొంటుందని ఎలుకలపై ప్రయోగాలు సూచించాయి. స్ట్రెయిటెనింగ్ తరువాత వాంతులు, కడుపునొప్పి, నడుమునొప్పి, మూత్రం తగ్గడం వంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించి, ఈ ప్రక్రియ చేయించుకున్న విషయం తప్పక చెప్పాలి.

మనసుపై: 2018లో కర్ణాటకలో ఒక కళాశాల విద్యార్థిని స్ట్రెయిటెనింగ్ తరువాత జుట్టు రాలిపోయిందని కుంగిపోయి ప్రాణాలు కోల్పోయినట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి. రసాయనం వలన వెంట్రుక తెగినా కుదురు బ్రతికే ఉన్నంత వరకు జుట్టు తిరిగి పెరుగుతుంది. ఈ సంగతి ఇంటివారు ధైర్యంగా చెప్పడం, చర్మవ్యాధి నిపుణునికి చూపించడం ముఖ్యం. మానసిక వేదన అధికంగా ఉన్నవారికి కేంద్రప్రభుత్వపు టెలీ-మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా లభిస్తుంది.

చేయించుకోకూడని సందర్భాలు

* తలపై పుండ్లు, గజ్జి, సోరియాసిస్ వంటి చర్మవ్యాధులు ఉన్నపుడు.
* జుట్టు విపరీతంగా రాలుతున్నపుడు. ముందు రక్తహీనత, థైరాయిడ్ వంటి కారణాలను పరీక్షించుకోవాలి.
* గర్భిణులు, పాలిచ్చే తల్లులు. ముందుజాగ్రత్తగా వాయిదా వేయడం ఉత్తమం.
* చిన్నపిల్లలు.
* ఉబ్బసం ఉన్నవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు. వైద్యుని సలహా లేకుండా చేయించుకోరాదు.
* బ్లీచ్ చేసిన జుట్టు, లోహపు లవణాలు గల రంగులు వేసిన జుట్టు. ఈ లవణాలు పెరాక్సైడ్‌తో చర్య జరిపి జుట్టును పాడుచేస్తాయి. "నల్ల గోరింట" పేరుతో అమ్మే పొడులు వాడినవారు ఆ సంగతి ముందుగానే చెప్పాలి.

మొగుళ్లపల్లి వంటి ప్రాంతాలలో

మొగుళ్లపల్లి 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరిన మండల కేంద్రం. ఇటువంటి వ్యవసాయ ప్రాంతాలలో ఉండేవారు ఈ నిర్ణయంలో మరికొన్ని విషయాలను గమనించాలి.

* దూరం: పరకాల, భూపాలపల్లి లేదా హన్మకొండ వెళ్ళి చేయించుకున్నచో, టచ్ అప్‌కు, ఏదైనా తేడా వచ్చినచో చూపించుకోవడానికి కూడా మళ్ళీ అంత దూరం వెళ్ళాలి. ప్రయాణపు ఖర్చును, పోయే కూలీని కూడా లెక్కలో చేర్చుకోవాలి.
* కాలం: ఎండకాలంలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. పత్తి, మిరప చేలలో పని చేసేవారికి చెమట పట్టకుండా, వానకు తడవకుండా మూడు రోజులు గడపడం కష్టం.
* పండుగలు, పెళ్ళిళ్ళు: బతుకమ్మకు, పెళ్ళికి సరిగ్గా ముందురోజు చేయించుకోవడం సరికాదు. నూనె అంటి మంగళస్నానం చేయించడం, బిగించి పూలజడ వేయడం రెండూ ఆ మూడు రోజులలో పనికిరావు. ప్రక్రియ వికటిస్తే సరిచేసుకునే వ్యవధి కూడా ఉండదు.
* వైద్యం: చర్మం కాలినా, జుట్టు రాలినా ప్రభుత్వరంగంలో నిపుణుల వైద్యం కొరకు వరంగల్‌లోని మహాత్మాగాంధీ స్మారక (ఎం.జి.ఎం.) ఆసుపత్రికి వెళ్ళవచ్చు.

ముందుగా తెలుసుకోవలసినవి

# వాడబోయే సీసాను చూపించమని అడగాలి. భారతదేశంలో సౌందర్య సాధనాలకు కాస్మెటిక్స్ రూల్స్, 2020 వర్తిస్తాయి. తయారీదారు పేరు, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ, పదార్థాల జాబితా లేని సీసాను అంగీకరించరాదు. విడి డబ్బాలో పోసి తెచ్చిన క్రీమును వాడనీయరాదు.
# ఫార్మాల్డిహైడ్, ఫార్మలిన్, మిథిలీన్ గ్లైకాల్, గ్లైఆక్సిలిక్ ఆమ్లం అనే పేర్లు ఉన్నాయేమో చూడాలి. ఆంగ్లంలోని జాబితా అర్థం కానిచో సెల్‌ఫోనులో ఫొటో తీసి, తెలిసినవారికి చూపించిన తరువాతే ఒప్పుకోవాలి.
# రెండు రోజుల ముందు చెవి వెనుక కొద్దిగా పూసి అలెర్జీ పరీక్ష, లోపలి వైపు ఒక పాయపై ఫలితపు పరీక్ష చేయించుకోవాలి.
# ఒకసారి ఖర్చును కాక, రెండు సంవత్సరాలకు అయ్యే మొత్తం ఖర్చును లెక్కించాలి. టచ్ అప్‌లు, ప్రత్యేక షాంపూ, కండిషనర్ కూడా ఇందులో చేరతాయి.
# మంట మొదలైతే "కొంచెం ఓర్చుకోండి" అన్నా ఆగకుండా, వెంటనే కడిగించుకోవాలి.
# బిల్లు తీసుకొని భద్రపరచాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపంపై తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

ప్రత్యామ్నాయాలు

ఉంగరాల జుట్టు ఎక్కువగా పొడిబారడానికి కారణం, తలపై ఊరే సహజమైన నూనె వంపుల వెంట చివరి వరకు చేరకపోవడం. దీనికి తగిన సంరక్షణ చేస్తే చిక్కు, చెదరడం చాలావరకు తగ్గుతాయి. తలస్నానానికి ముందు కొబ్బరినూనె పట్టించడం వలన కడిగేటప్పుడు వెంట్రుక నుండి ప్రోటీను నష్టం తగ్గుతుందని 2003లో ప్రచురితమైన భారతీయ పరిశోధన తెలిపింది. పొడి జుట్టును సన్నపళ్ళ దువ్వెనతో కాక, కండిషనర్ రాసిన తడి జుట్టును వెడల్పు పళ్ళ దువ్వెనతో చివరల నుండి పైకి దువ్వాలి. తువ్వాలుతో గట్టిగా రుద్దక అద్దాలి. రాత్రి వదులుగా జడ వేసుకొని పడుకోవాలి.

ఒక శుభకార్యానికో, ఫొటోకో తిన్నని జుట్టు కావలసినచో ఆ ఒక్కరోజుకు ఇస్త్రీ చేయించుకోవచ్చు. తల తడవగానే పూర్వస్థితి వస్తుంది. తిన్నని జుట్టు తనకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి కూడా ఇదే మంచి మార్గం. కొన్నాళ్ళు ఇలా చూసుకొన్న తరువాత కూడా కోరిక మారకపోతే, పైన చెప్పిన జాగ్రత్తలతో శాశ్వత ప్రక్రియ గురించి ఆలోచించవచ్చు. ఇస్త్రీ చేసిన జుట్టు నచ్చకపోతే తలస్నానంతో పోతుంది. రీబాండింగ్ నచ్చకపోతే కత్తిరించడమో, సంవత్సరాల తరబడి వేచి ఉండడమో తప్ప మరొక దారి లేదు.